ఎత్తిన హ్యాండిల్

"సెయ్యి నొప్పి, సెయ్యి నొప్పంతావు. రుబ్బడం మానేత్తావా, టైపు కొట్టడం మానేత్తావా, సైకిలు తొక్కడం మానేత్తావా? మూడిట్లో ఏదో ఒకటి ఒగ్గీ మరి" అన్నారు మా ఆయన గురునాథరావు, పళ్ళెంలోకి ఇంకో రెండు గారెలు తీసుకుంటూ.

మాటలో కోపం లేదు. ఆయన మాటలో కోపం ఎప్పుడూ ఉండదు. ఆదివారం పొద్దున్న, పెరట్లో రుబ్బురోలు ముందు పీట వేసుకుని రెండో వాయికి పప్పు రుబ్బుతున్నాను. పొత్రం తిప్పినప్పుడల్లా మణికట్టులోంచి మోచేతి దాకా సన్నగా ఒక తీగ లాగినట్టు అవుతోంది. ఆయన అన్న మూడింటినీ మనసులో పక్కపక్కన పెట్టి చూశాను. రుబ్బడం మానలేను, ఆయన తింటున్నారు. టైపు మానితే ఉద్యోగం పోతుంది. సైకిలు మానినా ఉద్యోగమే పోతుంది. మూడు దారులు చూపించినట్టే ఉంది గాని, నిజానికి ఆయన చూపించింది ఒకటే.

మల్కాపురంలో మా ఇంటికి దగ్గర్లోనే ఉండేది మా ఆఫీసు. ఒక కాంట్రాక్టరు దగ్గర టైపిస్టుని. స్టీల్‌ప్లాంటు పనులు ఊపందుకున్నాక ఆ కాంట్రాక్టరు తన ఆఫీసును గాజువాక అవతలికి మార్చేశాడు. పొద్దున్న వచ్చే బస్సులు కూలీలతో, మేస్త్రీలతో తలుపుల దాకా నిండి వస్తాయి. ఫుట్‌బోర్డు మీద వేలాడే మగవాళ్ళని తోసుకుని నేను ఎక్కేలోగా కండక్టరు గంట కొట్టేస్తాడు. కాకినాడలో చదువుకునే రోజుల్లో సైకిలు తొక్కాను కాబట్టి, తొక్కుకుంటూ వెళ్తానన్నాను. మా ఆయన పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. కాసేపు ఆలోచించి, "నెలాఖరు దాకా తొక్కి సూడు. అయితే సరి, అవకపోతే మానీ. నానేటీ బలవంతపెట్టను" అన్నారు. న్యాయంగానే ఉందనిపించింది. ఆయన మాటలు ఎప్పుడూ న్యాయంగానే ఉంటాయి.

దావూద్ సైకిలు షాపులో పాత లేడీస్ సైకిలు ఒకటి కొన్నాం. అమ్మేముందు దావూద్ స్పానరు చేత్తో పట్టుకుని నన్నే అడిగాడు, "హ్యాండిలు ఎంత ఎత్తు పెట్టమంటారమ్మా?" అని. నేను నోరు తెరిచేలోగా మా ఆయన జవాబు చెప్పారు.

"పూర్తిగా దించేయ్ బావా."

"అమ్మగారు పొడుగు బావా. అంత దించితే నడుం పట్టేత్తాది. సేతులు కూడా నొప్పెడతాయి."

"ఏటీ అవదు. ఆడోళ్ళకి కిందకుంటేనే నిలకడ."

దావూద్ ఒకసారి నా వైపు చూశాడు. నేను హ్యాండిల్ వైపు చూశాను. అతను దించేశాడు.

ఆ క్షణం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నాకు కోపం రాలేదు ఎందుకని? నన్ను అడిగిన ప్రశ్నకి ఇంకొకరు జవాబు చెప్పడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ ప్రశ్న నాకు వచ్చిందన్న సంగతే ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. ఇంకో కారణం కూడా ఉంది. ఆ వంగడం నాకు కొత్త కాదు. పన్నెండో ఏడు వచ్చిన దగ్గర్నుంచి భుజాలు ముందుకు ముడుచుకుని నడవమని మా అమ్మ నేర్పింది. మాటలతో కాదు, వీధిలో వెళ్తున్నప్పుడు వీపు మీద వేలితో ఒక పోటు పొడిచి. నిటారుగా నడిస్తే ఎవరో చూస్తారు. చూస్తే ఏదో అవుతుంది. ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు గాని, నా వీపుకి మాత్రం బాగా తెలిసిపోయింది. బళ్ళో వెనక బెంచీలో, పెళ్ళిచూపుల్లో చాప మీద, టైపు మిషను ముందు, పొయ్యి ముందు, అంట్ల ముందు, నా ఒళ్ళు అదే ఆకారంలో కూర్చుంది. కాబట్టి ఆ సైకిలు ఎక్కినప్పుడు నేను కొత్త వాహనం ఎక్కానని అనుకోలేదు. పాత చోటే కూర్చున్నాను. ముందు మడ్‌గార్డూ, దాని కింద పరుగెత్తే రోడ్డూ, అంతే కనిపించేవి. ఒంటి బరువంతా రెండు అరచేతుల మీదే ఆగేది. ఆఫీసుకి చేరేసరికి వేళ్ళు తిమ్మిరెక్కి, మొదటి కాగితం నిండా తప్పులే పడేవి.

ఆ ఆదివారం పప్పు రుబ్బడం అయ్యాక చెయ్యి కడుక్కుని, "హ్యాండిల్ కాస్త పైకెత్తి పెట్టరా?" అని అడిగాను. "దావూద్ చెప్పాడు కదా, చేతులు నొప్పెడతాయని."

"దావూద్‌కేటి తెలుసు" అన్నారు గాని, లేచారు. ఆయన పనిమంతుడు. నడిమధ్యన ఉన్న బోల్టు ఒదులు చేసి, దాని మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్కటి వేశారు. లోపలేదో జారిన చప్పుడైంది. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగారు. ఇన్నాళ్ళూ గొట్టంలో కూరుకుని ఉన్న ముక్క బయటికొచ్చింది. పైనంతా తుప్పుమచ్చలే గాని, ఆ ముక్క మాత్రం కొత్త వెండి గ్లాసులా మెరుస్తోంది. తర్వాత హ్యాండిల్ కిందినుంచి చక్రం దాకా దిగే బ్రేకు రాడ్డు నట్టు కూడా తిప్పి, మళ్ళీ బిగించారు.

మా అత్తగారు వెంకటరమణమ్మ అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. అరవై దాటాయి. నడుం వంగిపోయి, నిలబడినా నేల మీద ఏదో వెతుకుతున్నట్టే ఉంటారు. "ఓలమ్మో! గుర్రమెక్కిన దొరసానిలాగ అంత ఎత్తున కూసుంతావేటి పిల్లా? రోడ్డు మీద మగోల్లు సూత్తే?" అన్నారు.

"సూత్తే సూడనీ అమ్మా. తనే అడిగింది" అన్నారు మా ఆయన, చేతులు తుడుచుకుంటూ.

సోమవారం సైకిలెక్కాను. నా ముఖం రోడ్డు మీదినుంచి లేచి మనుషుల ముఖాల ఎత్తుకొచ్చింది. మొదట భయమేసింది. టీ బడ్డీ ముందు నిలబడ్డవాళ్ళ కళ్ళు నా కళ్ళకి తగిలాయి. ఇన్నాళ్ళూ వాళ్ళు నన్ను చూసే ఉంటారు, నేను చూడలేదంతే. పైట జారుతుందేమోనని ఒక చేత్తో సర్దుకుంటూ కొంత దూరం పోయాను. తర్వాత మర్చిపోయాను. ఎడమ పక్క కొండల మీద ఎండ పడుతోంది. రిఫైనరీ గొట్టం చివర మంట పగటి వెలుతురులో పలచగా ఊగుతోంది. రోజూ ఈ దారినే పోతూ, ఈ ఊళ్ళో కొండలున్నాయని మర్చిపోయానా అనుకున్నాను. మణికట్టులో నొప్పి లేదు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ సంతోషం ఎవరైనా గమనిస్తారేమోనని నోరు బిగించుకున్నాను.

కానీ సైకిలు బరువెక్కింది.

తొడలు మండిపోయేవి. పెడల్ని కిందికి నొక్కడానికి ఒంటి బరువంతా పెట్టాల్సి వచ్చేది. ఊపిరి అందక నోటితో పీల్చుకునేదాన్ని. లారీలో వెనక నిలబడ్డ క్లీనరు ఒకడు, "ఓలప్పా, మేడమ్ గారు గుర్రమెక్కినారు రోయ్! గుర్రం మాత్రం కదల్నేదు!" అని అరిచి వెళ్ళాడు. వాడి మాట కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అది మా అత్తగారి మాటే కావడం. ఒకరికొకరు తెలియని ఇద్దరు ఒకే మాట అన్నారంటే అందులో నిజముందేమో అనిపించింది.

అప్పట్నుంచి నా మనసు చేసిన పని గురించి చెప్పాలి. ఆ బరువుకి అది రోజుకో కారణం తెచ్చి ఇచ్చేది. ఎదురుగాలి అంది. ముప్ఫై దాటిన ఒళ్ళు అంది. తర్వాత అంతకంటే లోపలికి పోయింది. నువ్వు సుఖంగా కూర్చోవాలనుకున్నావు, సుఖానికి ఎక్కడో ఒకచోట వెల చెల్లించుకోవాలి కదా అంది. పెద్ద పండు ఆయన పళ్ళెంలో వేసి చిన్నది తిన్న రోజు నిద్ర హాయిగా పట్టడం, తల నొప్పని పడుకున్న రోజు నొప్పి తగ్గినా లేవడానికి సిగ్గుపడటం, ఇవన్నీ చేసిన మనసే ఇది. దానికి లెక్క సరిపోయింది. మణికట్టు నొప్పి పోయింది, దాని బదులు కాళ్ళ నొప్పి వచ్చింది. ఈ కొత్త నొప్పి నాకు దాదాపు ఊరటగానే ఉందంటే ఎవరైనా నమ్ముతారా?

ఆయన రోజూ సాయంత్రం అడిగేవారు.

"ఎలాగుందేటి, ఎత్తు?"

"చేతులు బాగున్నాయి. కాని చాలా బరువుగా తొక్కాల్సి వస్తోంది."

"మరి? వంగితే కాల్లోకి బలం వొస్తాది. నిటారుగా కూసుంటే గాలికి అడ్డంగా తలుపు పెట్టినట్టే. నీకు అలవాటు నేదు. ఆడోల్ల ఒంటికి అది పడదు."

తర్వాతి ఆదివారం ఆయన నా సైకిలు శుభ్రం చేశారు. గొలుసుకి నూనె వేశారు. ముందు చక్రం రిమ్ము గుడ్డతో తుడిచారు. ఆ గుడ్డ కాటుకలా నల్లగా వచ్చింది. రోడ్డు దుమ్మే కాబోలనుకుని, ఆ గుడ్డ నేనే ఉతికి ఆరేశాను.

నెలాఖరు దగ్గరపడింది. ఒకరోజు ఆఫీసునుంచి వచ్చి అరుగు మీద కూలబడితే మళ్ళీ లేవలేకపోయాను. మా అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ రోజు అన్నాలు తింటున్నప్పుడు, "ఒకటో తారీఖునుంచి మానేస్తానండీ. నా వల్ల కాదు" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "నీ ఇష్టం. నానేటీ అన్నేదు. నువ్వే తొక్కి సూసుకున్నావు" అన్నారు. అని, కూర బాగుందన్నారు.

మర్నాడు అంట్లు తోమే పోతమ్మ పెరట్లో బూడిద చేత్తో నిలబడి నన్ను నిలేసింది. "ఏటమ్మా, పెద్దమ్మగారు ఒకటో తారీకు నుంచి నన్ను రావద్దన్నారు. నువ్వు ఇంటికాడే ఉంతావంట కదా, ఇంక నాతో పనేటన్నారు. నిజమేనా?"

నేనింకా ఆఫీసులో చెప్పనే లేదు. ఇంట్లో అప్పుడే నా రోజంతా పంచేసుకున్నారు. "చూద్దాంలే పోతమ్మా" అన్నాను. అంటూనే సైకిలు బయటికి తీశాను. ఆ రోజే మేనేజరుకి చెప్పెయ్యాలనుకున్నాను. ఎలా చెప్పాలో దారిపొడుగునా మాటలు కూర్చుకుంటున్నాను. ఇంటి పరిస్థితులు బాగాలేవండీ, ఆరోగ్యం బాగాలేదండీ. ఏదీ నాలుక మీద నిలవలేదు.

గాజువాక ఇవతల రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది. ఇన్నాళ్ళూ పంతంతో తొక్కేసేదాన్ని. ఆ రోజు ఎలాగూ మానేస్తున్నాను కదా, ఇంక పంతం ఎవరి మీద అనుకుని దిగిపోయాను. నడిపించుకుంటూ ఆ ఎత్తెక్కాను. పైకి వెళ్ళాక రోడ్డు పల్లానికి తిరిగింది. అయినా సైకిలు నా చేతుల్లో మొరాయిస్తోంది. బలవంతాన నెట్టుకెళ్ళాల్సి వస్తోంది.

అక్కడే ఆగిపోయాను.

నేను సైకిలు మీద లేను. వంగి కూర్చోలేదు, నిటారుగానూ కూర్చోలేదు. గాలికి అడ్డంగా తలుపు లేదు. పల్లం. మరి ఈ బరువు ఎవరిది?

ముందు చక్రాన్ని నేలమీదినుంచి ఎత్తి, చేత్తో తిప్పాను. అర చుట్టు తిరిగి, ఉస్సుమంటూ ఆగిపోయింది. రోజూ తొక్కుతున్నప్పుడు వినబడే ఉస్సే అది. గొలుసు చప్పుడనుకునేదాన్ని. వంగి చూశాను. బ్రేకు రబ్బర్లు రెండూ రిమ్ముని పట్టుకుని ఉన్నాయి. రిమ్ము చుట్టూ నల్లటి చార. వెనక బ్రేకు ముందునుంచీ బాగా ఒదులు కాబట్టి అది బతికిపోయింది. హ్యాండిల్ పైకి లేస్తే దానితోపాటే రాడ్డూ పైకి లేస్తుంది, రాడ్డు రబ్బర్లని లాగుతుంది. ఎంత ఎత్తు పెంచామో అంత మేరా రాడ్డుని కిందికి వదలాలి. ఆయన వదిలారు, కాని పూర్తిగా వదల్లేదు.

కొంచెం దూరంలో పంక్చర్ల షెడ్డు ఉంది. నజీర్ అని, నడివయసు మనిషి. స్పానరు ఇస్తారా అని అడిగాను. "ఇలా తెండమ్మా, నాను సేత్తాను" అన్నాడు.

"వద్దండీ. స్పానరు ఇవ్వండి చాలు."

నట్టు ఒదులు చేశాను. రబ్బర్లు రిమ్ము వదిలి కిందికి జారాయి. మళ్ళీ బిగించి చక్రం తిప్పాను. అది తిరుగుతూనే ఉంది.

నజీర్ రిమ్ము మీద నల్లచార చూసి నోరు తెరిచాడు. "ఇలాగే మల్కాపురం నుంచి వొత్తన్నారా, రోజూ? బ్రేకు పట్టుకుని? అవి కాల్లా అమ్మా, లారీ ఇంజన్లా?" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళుగా నాలో లేదని ఏడ్చిన బలం నాలోనే ఉంది. రోజూ ఆ బ్రేకుని ఆఫీసు దాకా మోసుకెళ్ళింది అదే.

ఆ రోజు మేనేజరుకి ఏమీ చెప్పలేదు.

సాయంత్రం మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, కాఫీ ఇచ్చి అడిగాను. "బ్రేకు రబ్బర్లు రిమ్ముకి పట్టేసి ఉన్నాయండీ, ఇన్నాళ్ళూ. మీరు చూడలేదా?"

బుకాయిస్తారనుకున్నాను. లేదా తల కొట్టుకుని, అరెరె మర్చిపోయాను అంటారనుకున్నాను. ఆ రెండింట్లో ఏదన్నా నేను క్షమించేదాన్ని. ఆయన కాఫీ ఒక గుక్క తాగి, మామూలుగా అన్నారు.

"సూసాను."

"మరి?"

"నువ్వు అడగనేదు కదా."

అంతే. గ్లాసు కింద పెట్టి పేపరు తీసుకున్నారు. నేను అక్కడే నిలబడి ఆయన్ని చూశాను. పదేళ్ళ కాపురంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. చెడ్డవాడు కాదు. కావాలనే రాడ్డు అలా బిగించారని కూడా నేననను, అది ఆయనకే తెలియకపోవచ్చు. చేతులు చేసే పని మనసుకి ఎప్పుడూ చెప్పి చెయ్యవు. కానీ చూశారు. నేను చెమటలు కక్కుతూ ఇంటికి రావడం చూశారు, నల్లబడిన గుడ్డ చూశారు, ఆడవాళ్ళ ఒంటికి పడదని చెప్పారు, నేను నమ్మడం చూశారు. ఆయన చెయ్యి ఎత్తలేదు, మాట తూలలేదు, వద్దనలేదు. ఊరికే చూస్తూ ఉన్నారు, నా అంతట నేను ఓడిపోయేదాకా. అడగనిదే చెప్పరు. అడిగితే ఆయన ఇష్టం. ఈ ఇంట్లో నేను అడగకుండా చేసిన పని ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాను. సినిమాకి వెళ్ళనా, మా అమ్మని చూసి రానా, ఈ చీర కొననా, హ్యాండిల్ పైకెత్తరా. చివరికి మానెయ్యడం కూడా ఆయన ముఖం చూస్తూనే చెప్పాను.

పొట్లాడలేదు. మానెయ్యడం గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన దృష్టిలో అది అయిపోయిన సంగతి.

ఒకటో తారీఖున ఆయనకి పొద్దుటి షిఫ్టు. చీకటితోనే వెళ్ళిపోయారు. పోతమ్మకి ముందు రోజే వీధి చివర కనిపించి రమ్మని చెప్పాను, వచ్చి పెరట్లో గిన్నెలు ముందేసుకుంది. పిల్లని బడికి పంపి, క్యారేజీ కట్టుకుని, సైకిలు గుమ్మంలోకి దించాను. మా అత్తగారు అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. చేట ఆపేశారు.

"ఏటి పిల్లా, ఎక్కడికి?"

"ఆఫీసుకండీ."

"మానేసినావు కదా?"

"లేదత్తయ్యా. మానలేదు."

పెరట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది. పోతమ్మ వింటోందని తెలుస్తోంది.

"మరి గురునాథాన్ని అడిగినావా?"

"లేదండీ. అడగలేదు."

తిట్లు వస్తాయని భుజాలు తమంతట తామే ముడుచుకున్నాయి. ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా లేచారు. అరుగు చివరిదాకా వచ్చి, ఆ వంగిన నడుంతోనే మెడ పైకెత్తి నా ముఖంలోకి చూశారు. పెరట్లో ఉన్న పోతమ్మకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించారు.

"అడక్కండా ఎల్లొచ్చేటి?"

ఆ గొంతులో కోపం కోసం వెతికాను. లేదు. ఆవిడ నిజంగానే అడుగుతున్నారు.